సగం మాట

నోట్లో ఎడమ సగం లేదు. ఉందని తెలుసు, ఇందాక వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నదే, అందులోని దవడ పన్నే ఇన్నాళ్ళూ ప్రాణాలు తోడేసింది, కానీ ఇప్పుడు నాలుకతో ఎంత తడిమినా అక్కడ ఎవరూ పలకడం లేదు. పళ్ళ డాక్టరమ్మ సూది గుచ్చి, "బాగా మొద్దుబారాక పిలుస్తానండీ, కాసేపు బయట కూర్చోండి" అని పంపేసింది. ఈలోగా ఎవరో చిన్నపాప తల్లి మెడ వదలకుండా ఏడుస్తూ లోపలికి వెళ్ళింది, ఏడవడానికి తెరిచిన నోరు డాక్టరమ్మ చూడబోతే మూసేస్తోంది కాబోలు, ఇక ఆ బేరం తెగేదెప్పుడు, అతని వంతు వచ్చేదెప్పుడు. గోడవారగా వేసిన బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద ప్లాస్టిక్ పన్ను ఒకటి నిలబడి ఉంది, దానికి కళ్ళు పెట్టారు, నవ్వు పెట్టారు, ఆ నవ్వులో మళ్ళీ పళ్ళు పెట్టారు. పన్నుకు పళ్ళేమిటి, ఆ పళ్ళకు పుప్పి పడితే అదెవరి దగ్గరికి వెళ్తుంది. అక్క ఉంటే ఈ మాటకు పొట్ట పట్టుకుని నవ్వేది. అనుకున్నాడు గానీ ఆ అనుకోవడం కూడా పక్క గదిలో ఇంకెవరో అనుకున్నట్టే ఉంది. కింది పెదవిని వేలితో నొక్కి చూసుకున్నాడు. వేలికి పెదవి తెలుస్తోంది, పెదవికి వేలు తెలియడం లేదు. అక్క పోయినప్పటి నుంచీ తన సంగతి మొత్తంగా ఇదే కదా అనిపించింది, అనిపించి ఊరుకుంది. అప్పుడే జేబులో ఫోను ఒణికింది.

తెర మీద పసుపు రంగు కప్పు ఒకటి గంతులు వేస్తోంది. దాని కింద, "ప్రత్యర్థి రాజీనామా చేశారు. మీరు గెలిచారు." ఈ చదరంగం యాప్‌ను తెలుగు చేసిన మహానుభావుడెవరో గానీ, ఆటలో ఓటమి ఒప్పుకోవడానికీ ఉద్యోగం మానెయ్యడానికీ తేడా లేకుండా చేసి పారేశాడు. ప్రత్యర్థి అంటే బావ, అక్క మొగుడు. తనకు ఈ యాప్‌లో ఇంకో ప్రత్యర్థి లేడు, ఎప్పుడూ లేడు. కప్పు కింద రెండు గళ్ళున్నాయి. ఒకదాంట్లో "మళ్ళీ ఆడదాం", రెండోదాంట్లో "ఇక చాలు". మొదటిది నొక్కితే కొత్త ఆట మొదలవుతుంది. రెండోది నొక్కితే ఆటతో పాటు ప్రత్యర్థి కూడా తెర మీద నుంచి తుడిచిపెట్టుకుపోతాడు. అక్క పోయాక ఈ ఇద్దరి మధ్యా మిగిలింది ఈ ఒక్క ఆటే, పొద్దున ఒకరిది, సాయంత్రం ఒకరిది, మాటా పలుకూ లేకుండా జరిగే ఒక్కొక్క ఎత్తు. దాన్ని కూడా తీసేస్తే బావ ఎవరో, తనెవరో. బొటనవేలు రెండో గడి మీదికి వెళ్ళి ఆగింది. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదంటే కారణమేమీ లేదు, నొక్కాలన్న ఆత్రం కూడా లేదు, వేలికి కూడా సూది వేశారేమో అనుకున్నాడు.

ఓడిపోతున్నవాడు లేచిపోతే అర్థముంది. ఇక్కడ ఓడిపోతున్నది తను. తన వైపు ఒక రాజు, మూలన పడున్న ఒక ఏనుగు, ఎటూ కదల్లేని రెండు బంట్లు, అంతే. బావకు ఏనుగుంది, గుర్రముంది, వరసగా నిలబడ్డ బంట్లున్నాయి, తల్చుకుంటే నాలుగెత్తుల్లో ఊపిరాడకుండా కట్టెయ్యగలడు. అలాంటివాడు ఓడిపోయాను అనడమేమిటి. చెయ్యి జారిందా అంటే, అది జారే చెయ్యి కాదు. బావ యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్. పొరల మీద పొరలు పరిచిన గుడ్డ మీద సుద్దతో గీత గీసుకుని, కోసే మిషను పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కటే కోత కోస్తాడు, ఆ కోత తప్పితే పాడయ్యేది ఒక చొక్కా కాదు, బడి పిల్లలందరికీ ఒక చెయ్యి పొట్టిగా వస్తుంది. "మీ బావ కాఫీ కప్పు కింద పెట్టినా సుద్దగీత చూసుకుని పెడతాడురా" అనేది అక్క పెళ్ళైన కొత్తలో, అందులో విసుగెంతో మురిపెమెంతో తేల్చుకోవడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. పైగా ఈ యాప్ ఒక్క నొక్కుకు ఊరుకునే రకం కాదు. రాజీనామా నొక్కగానే "ఖాయమేనా?" అని అడుగుతుంది, అవును అంటేనే ఆట మూతపడుతుంది. అంటే ఒకసారి నొక్కాడు, ప్రశ్న చదివాడు, చదివి మళ్ళీ నొక్కాడు. కొలిచి కోశాడన్నమాట. ఆ రోజు కూడా కొలిచే కోశాడు. ఆట మధ్యలో లేచిపోవడం ఆయనకు కొత్తేమీ కాదు.

ఆ రోజు తను ఒక లిఫ్టు దగ్గర ఉన్నాడు. లిఫ్టులు బాగుచేయడం అతని బతుకుతెరువు, అందులో నూనె పెట్టడం, తీగలు చూడటం అందరూ చేసేదే, అసలు పని వేరే ఉంది, అది మాటల పని. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో మనిషి ఉంటాడు, తలుపు సందులోంచి చూస్తే సగం నేల, సగం గోడ కనిపిస్తాయి, లోపలున్నవాళ్ళకు ఆ సగం నేల చూడగానే గుండె జారిపోతుంది. చేతులు పైన మోటారు గదిలో పనిచేసినా, పక్కన ఉన్నవాడి చేత కిందికి కబుర్లు చెప్పిస్తూనే ఉండాలి, ఒంటరిగా ఉంటే తనే సందు దగ్గర బోర్లా పడుకుని చెప్పాలి. మిమ్మల్ని దింపకుండా నేను ఇంటికి పోనండీ, మీరు నిశ్చింతగా కూర్చోండి. ఆ మాట ఇచ్చి తప్పింది లేదు. ఆ రోజు ఇరుక్కున్నది ఒక పెద్దావిడ, చేతిలో కూరగాయల సంచీ, సంచీలోంచి టమాటాలు దొర్లిపోయాయని ఏడుస్తోంది, ప్రాణం పోతుందని కాదు. అమ్మా, టమాటాలు నేను ఏరి పెడతాను, మీరు గోడకు ఆనుకోండి. ఏరి పెట్టాడు కూడా. పెట్టి, చేతులు తుడుచుకోకుండానే ఆస్పత్రికి పరిగెత్తాడు, పొద్దుటి నుంచీ తను అక్కడే ఉన్నాడు, ఈ ఒక్క పనికే కాస్త పక్కకు వెళ్ళాడు, మెట్లెక్కి వెళ్ళేసరికి వరండాలో బావ గోడకు ఆనుకోకుండా, కూర్చోకుండా, గీత మీద నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందిరా. ఊపిరి యంత్రం తీసెయ్యమని చెప్పాను."

"ఉంచితే ఏమవుతుందన్నారు?"

"ఉంచితే ఉంటుందన్నారు."

"ఉంటుందన్నారుగా!"

"అది ఉండటం కాదురా."

ఆ తర్వాత తను అన్న మాటలు అతనికి ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. నేను ఒకావిడను, ముక్కూ మొహం తెలియని ఆవిడను, దింపేదాకా కదల్లేదు. నువ్వు మా అక్కను మధ్యలో వదిలేసి లేచిపోయావు. నేను వచ్చేదాకా కూడా ఆగలేదు. ఇంకెప్పుడూ నిన్ను నేను బావా అని పిలవను. అంత మాటా అంటుంటే బావ చెయ్యి చాపి, ఒకవైపు లోపలికి మడతపడి ఉన్న అతని చొక్కా కాలరు సరిచేశాడు, అంతే. ఆ సరిచేయడమే ఎక్కువ మండించింది. ఆ సాయంత్రమే ఫోన్లో "బావ" అని ఉన్న పేరు తీసేసి "కటింగ్ మాస్టర్" అని రాసుకున్నాడు. మనసులో మాత్రం బావ బావగానే తిరుగుతున్నాడు, మనసులో ఉన్నవాటికి పేర్లు మార్చే గడి ఎక్కడుందో దొరకలేదు. నోటితో మాత్రం అనలేదు. కర్మకాండల్లోనూ అనలేదు, మేనకోడలు ఇంటికొచ్చినప్పుడు "మీ నాన్న" అనేవాడు. ఆ పిల్ల మొహం మొదట్లో ముడుచుకునేది, తర్వాత అలవాటు పడింది.

లోపల పాప ఏడుపు ఆగింది. మళ్ళీ మొదలైంది. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఎవరితోనో ఫోన్లో రేపు కుదరదండీ, ఎల్లుండి కుదురుతుందండీ అంటోంది, ఆ అమ్మాయి పళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయో, ఇక్కడ పనిచేస్తే జీతంలో భాగంగా ఇస్తారేమో. ఇది కూడా అక్కకు చెప్పాల్సిన మాటే. అక్కకు చెప్పాల్సిన మాటలు పోగుపడుతున్నాయి, ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. చివరి నెలల్లో ఆవిడ మంచానికి అటు బావ, ఇటు తను, ఇద్దరూ ఫోన్లు పట్టుకుని ఈ ఆటే ఆడేవాళ్ళు. ఇంట్లో అయితే చెక్కబల్ల ఉండేది, ఆస్పత్రిలో బల్ల పెట్టే చోటేది, మందుల సీసాలకే చాలదు. అక్కే అంది ఫోన్లో ఆడుకోండిరా అని, అక్కే ఇద్దరి ఫోన్లలో యాప్ పెట్టింది, బావకు దగ్గరి చూపు మందగించిందని ఆయన ఫోన్లో అక్షరాలన్నిటినీ దుకాణం బోర్డులంత చేసి పెట్టింది. ఆవిడకు ఆట రాదు. గుర్రం అడ్డంగా ఎందుకు దూకుతుందో నేర్పబోతే, "దానికెక్కడ దిగాలో తెలియక దిగుతుంది, నాకెందుకులే" అనేది. కానీ ఇద్దరూ ఆడుతుంటే అటొకసారి ఇటొకసారి మొహాలు చూస్తూ పడుకునేది, అదే ఆవిడకు ఆట.

ఒకసారి తను ఒక చేత్తో ఆవిడకు నీళ్ళు తాగిస్తూ, రెండో చేత్తో ఎత్తు వెయ్యబోయాడు, వేలు జారి ఏనుగు వెళ్ళి ఎదుటి బంటు నోట్లో కూర్చుంది. అయ్యో అన్నాడు. యాప్ వెనక్కి ఇవ్వదు. బావ చాలాసేపు తెర చూశాడు, చూసి ఆ ఏనుగును చంపాడు, చంపక తప్పదు, ఆట ఆటే. తర్వాతి ఎత్తులో తన ఏనుగును కూడా తీసుకెళ్ళి సరిగ్గా అలాగే, ఇంకో బంటు నోట్లో పెట్టాడు. తను దాన్ని చంపాలా వద్దా అని చూస్తుంటే అక్కకు సంగతి అర్థమైంది. "తీసుకోరా, ఇస్తున్నాడుగా. వేలు తప్పు చేస్తే మనిషినెందుకు కొట్టడం" అని నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గొస్తే ఇద్దరూ ఫోన్లు పక్కన పడేసి లేచారు. ఆ తర్వాత అదొక కట్టుబాటైపోయింది. ఎవరికి చెయ్యి జారినా రెండోవాడు సరిగ్గా అంత పోగొట్టుకునేవాడు. ఇప్పుడు ఆ లెక్కన చూస్తే, అని ఏదో అనుకోబోయాడు, అనుకోలేదు. ఇది చెయ్యి జారడం కాదు కదా, ఖాయమేనా అని అడిగాక కూడా అవును అన్నవాడిది జారిన చెయ్యెలా అవుతుంది.

డాక్టరమ్మ తలుపు తెరిచి తల బయటికి పెట్టింది. "మొద్దుబారిందాండీ?"

"ఊ."

"ఇంకాస్త ఓపిక పట్టండి. ఈ బంగారుతల్లి వేలు కొరికేసింది."

ఓపికకేం, కావలసినంత ఉంది. ఏమీ తెలియనివాడికి ఓపిక ఒక లెక్కా. ఏడాదిగా ఆడుతున్న ఆట ఇది, అక్క ఉండగా మొదలైంది, అందుకే ఇద్దరూ వదల్లేదు, తను వదలకపోవడానికి కారణం అదే, బావ సంగతి తెలియదు. అక్క చూస్తుండగా వేసిన బంట్లు ఇంకా ఉన్నచోటే ఉన్నాయి, ఎడమ పక్కన తనది ఒక బంటు ఉంది, అది వేసినప్పుడు అక్క "ఆ బుల్లోడు బాగున్నాడు, వాణ్ణి చావనివ్వకు" అంది, వాణ్ణి చావనివ్వకుండా కాపాడుకోవడంలోనే తన మంత్రి పోయింది, ఒక ఏనుగు పోయింది, ఆటే పోయింది. ఇక ఈ మధ్య బావ చేసిందేమిటంటే, గెలుపు చేతిలో పెట్టుకుని గెలవకపోవడం. కట్టెయ్యాల్సిన చోట కట్టెయ్యడు. ఆ గుర్రాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి మధ్యకు, మళ్ళీ వెనక్కి, ఊరంతా తిప్పుతాడు. మొదట తనకు అర్థం కాలేదు, తర్వాత అర్థమైందనుకున్నాడు. ఎలుకను చంపకుండా పిల్లి ఆడించినట్టు ఆడిస్తున్నాడు. చూడు, నువ్వు మధ్యలో వదలనివాడివి కదా, నీ సంగతి చూడు, వదల్లేవు, గెలవలేవు. అలా ఎన్ని పొద్దులు ఆ గుర్రం తిరిగిందో. రోజూ మోటారు గదిలో నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని తెర చూసుకోవడం, గుర్రం ఇంకెక్కడో కొత్త చోట ఉండటం, పళ్ళు కొరుక్కోవడం. ఈ పన్ను పుచ్చిపోవడానికి అదే కారణమేమో, డాక్టరమ్మ మాత్రం సరిగ్గా తోముకోకపోవడమంది. చివరికి ఇవాళ ఎలుకను పారేసి పిల్లి వెళ్ళిపోయింది. తినడానికి కూడా పనికిరావు పొమ్మని.

దీనికి కోపం రావాలి. ఎదురుచూశాడు. రాలేదు. కోపం ఉండే చోటు తడిమి చూస్తే పెదవిలాగే ఉంది, దళసరిగా, ఇంకెవరిదోలా. ఏడుపు సంగతీ అంతే, అక్కకోసం ఇంతవరకూ ఏడవలేదు, ఏడుస్తాడని అందరూ చూశారు, చూసి చూసి వెళ్ళిపోయారు. ఇక చాలు అన్న గడి తెర మీద అలాగే ఉంది. బొటనవేలు మళ్ళీ దాని మీదికి వెళ్ళింది. నొక్కేద్దాం. నొక్కేస్తే రేపు పొద్దున మోటారు గదిలో చేతులు తుడుచుకోవాల్సిన పనిలేదు. వేలు తెరకు తగలబోతుండగా ఫోను మోగింది, తెర మారిపోయింది, మేనకోడలు.

"మామయ్యా, పళ్ళ డాక్టరు దగ్గరున్నావట, అత్తయ్య చెప్పింది. మాట్లాడొద్దు, విను చాలు."

"ఊ."

"నాన్న ఇవాళ పనికి పోలేదు. పొద్దుటి నుంచీ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇందాక అయ్యో అన్నాడు, ఏమైంది నాన్నా అంటే, గెలుపోటములు వద్దని రాజీ అడిగానే, అదేమో నన్ను ఓడించేసింది, వాడేమనుకున్నాడో ఏమో అంటాడు. నాకేమీ అర్థం కాలేదు. ఫోను లాక్కుని చూశాను. అమ్మ పెట్టిన పెద్దక్షరాలున్నాయి చూడు, ఎన్నిసార్లు తగ్గిస్తానన్నా పడనివ్వడు, మీ అమ్మ పెట్టింది, ఉండనీ అంటాడు. ఆ గడిలో 'రాజీ' వరకే పట్టింది మామయ్యా. 'నామా' తెర అవతలే ఉండిపోయింది."

అతను ఫోనును చెవికి ఇంకాస్త నొక్కుకున్నాడు.

"మరి ఖాయమేనా అని అడిగిందిగా నాన్నా అంటే, అడిగింది, ఖాయం కాబట్టే అవును అన్నాను అంటున్నాడు. గెలిచేవాడివి నీకు రాజీ ఎందుకయ్యా అంటే, గెలిస్తే వాణ్ణి ఓడించి ఆట ముగించినట్టు కదే, అలా ముగిస్తే వాడు మళ్ళీ ఆడతాడో ఆడడో, ఆ గుర్రాన్ని మాత్రం ఇంకెన్నాళ్ళు తిప్పను, దానికి కాళ్ళు పడిపోతాయి అన్నాడు. వింటున్నావా?"

"ఊ."

"నువ్వు ఇంకోలా అనుకోకూడదని చెప్పాను, అంతే. నేను చెప్పానని చెప్పకు. పన్ను జాగ్రత్త."

ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ప్లాస్టిక్ పన్ను నవ్వుతూనే ఉంది. గుర్రం ఊరంతా తిరిగిందెందుకో ఇప్పుడు తెలిసింది, తెలిసినా లోపలేమీ కదల్లేదు, బరువైన వస్తువును ఎవరో పక్క గదిలో కింద పెట్టిన చప్పుడు మాత్రం వినిపించినట్టయింది. ఆయనకు కనిపించింది తనూ చూడాలనిపించింది. ఫోన్లో అక్షరాల సైజు మార్చే చోటు వెతికాడు, అక్కడ గీతకు ఒక చివర చిన్న అ, ఒక చివర పెద్ద అ ఉన్నాయి, వాటి మధ్య ఉన్న చుక్కను వేలితో చివరికంటా తోశాడు. టైము చూపించే అంకెలు తెరంత అయ్యాయి. యాప్ తెరిచాడు. కానీ అయిపోయిన ఆటలో రాజీనామా గడి ఉండదు, అది చూడాలంటే ఆట నడుస్తుండాలి. నడవాలంటే మొదటి గడి నొక్కాలి. ఇప్పుడది "మళ్ళీ ఆ" వరకే కనిపిస్తోంది. నొక్కాడు.

ఊపిరి తీసుకునేలోపే అటు నుంచి ఒప్పుకున్నట్టు వచ్చింది, బావ ఫోను చేతిలోనే పట్టుకుని ఉన్నాడన్నమాట. తెల్లపావులు ఆయనవి. రాజు ముందు బంటు రెండు గళ్ళు ముందుకొచ్చింది, ఎప్పుడూ ఆయన మొదటెత్తు అదే. ఆ బంటుకు కాస్త కింద, ఎడమ మూలన, లావుపాటి నల్లటి అక్షరాల్లో ఉంది. రాజీ. అంతే ఉంది. ఆ మాట తర్వాత ఇంకేదో ఉందన్న జాడ కూడా లేదు.

ఈ మాట తను విన్నాడు. ఎవరి నోటనో విన్నాడు. ఆస్పత్రి గదిలో, యంత్రం పెట్టకముందు, అక్కకు మాట ఉన్న చివరి సాయంత్రాల్లో ఒకనాడు. ఇద్దరూ చెరోవైపు కూర్చుని ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. అక్క చెయ్యి దుప్పటి మీద కదిలింది. "ఇక చాలురా. ఇద్దరూ రాజీ పడిపోండి. లైటు తీసెయ్యండి, కళ్ళల్లో పడుతోంది." ఒక్క ఎత్తు అక్కా, ఒక్కటే, అన్నాడు తను, తల ఎత్తకుండానే అన్నాడు. బావ మాత్రం ఫోను పక్కన పెట్టి లేచాడు, లేచి వెళ్ళి లైటు తీసేశాడు. "ఇదేంటి బావా, ఆట మధ్యలో లేస్తావు" అని తను నవ్వాడు. చీకట్లో అక్క హమ్మయ్య అంది, అని పక్కకు తిరిగి పడుకుంది. ఆవిడ ఆ రోజు ఆట గురించి అంటోందనుకున్నాడు అతను. బావ ఆట గురించి అనుకోలేదు. తర్వాత యంత్రం పెట్టారు, ఆ యంత్రం మీద ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉండేది, రాత్రీ పగలూ, ఆవిడ కళ్ళకు నేరుగా. ఆ దీపం తీసెయ్యమని చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. తను కాలేకపోయాడు. ఆ సమయానికి లిఫ్టు దగ్గర ఉండబట్టి కాదు, అక్కడ ఉన్నా ఒక్క ఎత్తు అక్కా అనే అనేవాడు. ఇది అతనికి బాగానే తెలుసు, ఏడాదిగా తెలుసు, నోట్లో సగంలాగా, తెలిసీ దొరకకుండా.

బొటనవేలు రాజీ మీద పెట్టాడు. నొక్కాడు. "ఖాయమే" అని ఒక వరసలోనూ, "నా?" అని కింది వరసలోనూ వచ్చింది, పెద్దక్షరాలు కదా, చోటు చాలలేదు. అవును. మీరు ఓడిపోయారు, అంది తెర, తెర నిండా అంది. వేలు పోగొట్టినదానికి సరిగ్గా అంత. తీసుకో. అక్కడ ఇంట్లో కూర్చుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆ పసుపు కప్పు గంతులను బావ చూస్తూ ఉండి ఉంటాడు, ఏనుగుకు ఏనుగు అని ఆయనకు అర్థం కావడానికి ఎంతసేపు పడుతుందో. లోపల కుర్చీ చప్పుడైంది, తల్లి భుజం మీద పాప బయటికొచ్చింది, ఒక బుగ్గ ఉబ్బి ఉంది, ఏడుపు అయిపోయి వెక్కిళ్ళు మాత్రం మిగిలాయి.

"రండి, మీరే" అని పిలిచింది డాక్టరమ్మ.

ఒక్క నిమిషం అని వేలు చూపించాడు. చూపించి, ఫోన్లో కటింగ్ మాస్టర్ అన్న పేరు వెతికాడు, పెద్దక్షరాల్లో అది "కటింగ్ మా" వరకే ఉంది. నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బావ ఒక్క మోతకే ఎత్తాడు, అటు వైపు ఇంట్లో మేనకోడలు తొక్కుతోంది కాబోలు, కుట్టుమిషను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అతను నోరు తెరిచాడు. ఏడాదిగా అనని మాట, అననని ఒట్టు పెట్టుకున్న మాట, రెండే అక్షరాలు. కింది పెదవి పైపెదవిని అందుకోలేదు.

"ఆవా" అన్నాడు.

"ఆవాలా?" అన్నాడు బావ.

కాదు అని తల ఊపాడు, ఫోనుకు తల ఊపితే ఏం లాభం. మళ్ళీ అన్నాడు, మళ్ళీ ఆవా అనే వచ్చింది. బల్ల దగ్గర అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది. అప్పుడు అతను ఖాళీగా ఉన్న చేత్తో తన కింది పెదవిని, ఎవరిదో అయిన ఆ పెదవిని, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పైకి ఎత్తి, పైపెదవికి నొక్కిపెట్టి వదిలాడు.

"బావా."

అటు కుట్టుమిషను ఆగింది. లేదా బావే వేరే గదిలోకి నడిచాడు. పెదవిని అతను ఇంకా వేళ్ళతో అలాగే పట్టుకుని ఉన్నాడు, మళ్ళీ అనాల్సి వస్తుందేమోనని.

"నోరు నొప్పి చేసుకోకు" అన్నాడు బావ. "తొందరేముంది. మొద్దు వదిలాకే పిలుద్దువుగానిలే. నేనిక్కడే ఉంటాను."